అరువు తుపాకులు – అట్ట బిళ్లలు

చదరంగం పుట్టిన దేశంలో యుద్ధక్రీడలను పిల్లల కాలక్షేపమని తీసిపారేయడం మనకు తగదు. రథ, గజ, తురగ, పదాతి దళాలనే నాలుగు అంగాలను అరవై నాలుగు గళ్ల మీద నిలిపి, రక్తం చిందకుండానే యుద్ధ ధర్మాన్ని అభ్యసించిన వారు మన పూర్వులు. ఆ చతురంగమే పారశీకానికి పోయి షత్రంజ్ అయి, తిరిగి మన నగరానికి ఉర్దూ వేషంలో వచ్చింది. తెలుగువాడు బంటు అన్నదానినే ఉర్దూవాడు ప్యాదా అంటాడు. రెండు మాటలకూ అర్థం ఒక్కటే: కాలినడకన పోయే సిపాయి. కానీ ఆ సిపాయి చేతిలో ఉన్న ఆయుధమేమిటి? ఈటెయా, విల్లా, కత్తియా? చదరంగం ఈ ప్రశ్న అడుగదు. దాని దృష్టిలో బంట్లన్నీ సమానమే. మన పల్లెటూళ్ల రచ్చబండల మీద గీసుకొని ఆడే పులిజూదం ఈ విషయంలో మరింత లోకజ్ఞానం గలది. పులులు కొద్ది, మేకలు పెక్కు. పులికి దూకి చంపే శక్తి ఉన్నది; మేకలకు దారి కట్టివేసే ఐకమత్యం తప్ప వేరొక ఆయుధం లేదు. ఇరుపక్షాల బలం ఒకే రకానిది కాదని ఆ ఆట గీతలు గీచినప్పుడే ఒప్పుకొంటుంది.

ప్రష్యా దేశపు సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో తన సైన్యానికి సమర్పించిన క్రీగ్‌స్పీల్ మొదలు, అమెరికాలోని బాల్టిమోర్ నగరపు అవలాన్ హిల్ సంస్థ 1977లో వెలువరించిన స్క్వాడ్ లీడర్ వరకు, ఆధునిక యుద్ధక్రీడలు చదరంగం అడుగని ప్రశ్నను అడగడం నేర్చుకున్నాయి. పటం ఒకటి, దాని మీద అట్టతో చేసిన చిన్న చిన్న బిళ్లలు, ప్రతి బిళ్ల మీద ఒక అంకె, ఒక పాచికల జత – ఇదే వాటి సామగ్రి. ఆ అంకె ఆ దళం కాల్పుల శక్తిని తెలుపుతుంది. అంకె సరియైనదైతే ఆట చరిత్రకు అద్దం పడుతుంది. తప్పైతే ఆట అబద్ధం ఆడుతుంది. ఆడేవాడికి మాత్రం అది అబద్ధమని తెలియదు.

లక్డీకాపూల్, ఖైరతాబాదు, పంజగుట్ట ప్రాంతాలలో కాపురముండే మేము కొందరము మిత్రులము ఆదివారాలు ఒకచోట చేరి ఇట్టి ఆటలు ఆడుతుంటాము. మాలో కొందరు ఇంట ఉర్దూ మాట్లాడేవారు, కొందరు తెలుగు మాట్లాడేవారు. పరదేశపు యుద్ధాలు ఆడి ఆడి, మన సొంత గడ్డ మీద జరిగిన దానినే ఆటగా కూర్చరాదా అన్న తలంపు మాకు కలిగింది. 1946 నుండి 1948 వరకు హైదరాబాదు సంస్థానాన్ని మా పటంగా ఎంచుకున్నాము. పటం గీచి అమీర్‌పేటలో జిరాక్సు తీయించడం సులువుగానే ముగిసింది. బిళ్ల మీద అంకె వేయవలసి వచ్చినప్పుడే అసలు చిక్కు ఎదురైంది. ఎందుకంటే మన గడ్డ మీద ఆ మూడేళ్లు పోరాడిన వారిలో అధిక సంఖ్యాకుల చేతిలో ఉన్నది తమ ఆయుధం కాదు. అది ఒక దానికి బదులుగా పట్టుకున్నదో, ఎదుటివాని నుండి గుంజుకున్నదో అయి ఉన్నది.

ఇట్టి ఆయుధాలను రెండు తెగలుగా విభజించవచ్చును. మొదటిది ప్రత్యామ్నాయ ఆయుధం: కావలసినది దొరకక, దొరికిన దానితో సరిపెట్టుకోవడం. ఇది నిరుపేదలకే పరిమితమనుకొనరాదు. 1940లో డంకర్కు తీరాన తన సామగ్రిలో అధిక భాగం వదలి వచ్చిన ఇంగ్లండు, గ్రామరక్షణకై ఏర్పరచిన హోంగార్డు దళానికి ఇవ్వడానికి తుపాకులు చాలక, ఉక్కు గొట్టాలకు బాయినెట్లు అతికి సుమారు 2,50,000 బల్లేలు చేయించింది. అమెరికా నుండి తెప్పించిన రైఫిళ్లు కొన్ని వచ్చాయి గాని వాటి తూటా వేరు. బ్రిటిషు .303 తూటా వాటిలో పట్టదు. అందుచేత పొరపాటున ఒకదాని తూటా మరొకదానిలో దూర్చకుండా, ఆ రైఫిళ్ల కర్ర మీద ఎర్రరంగు పట్టీ వేశారు. ఆ ఎర్ర పట్టీ మాకు ఎంతో విలువైన పాఠం చెప్పింది. తుపాకీ ఉన్నంత మాత్రాన చాలదు. దాని కడుపుకు తగిన కూడు కూడా ఉండాలి.

రెండవ తెగ పట్టుబడిన ఆయుధం. జర్మను సైనికులు రష్యావారి నుండి పి.పి.ఎస్.హెచ్. తుపాకులను వేలకొలది చేజిక్కించుకున్నారు. వాటిలో కొన్నింటిని తమ 9 మిల్లీమీటర్ల తూటాలకు అనువుగా మార్చుకున్నారు. అసలు తుపాకీ గుండ్రని పెట్టెలో 71 తూటాలు పట్టేవి; మార్పు చేసిన దానికి తమ 32 తూటాల పెట్టెనే తగిలించుకున్నారు. ఆట కూర్చేవాడు ఈ సంగతి గమనింపక, పట్టుబడిన తుపాకీకి పాత బలమే ఇచ్చివేస్తే ఆ బిళ్ల మీద అంకె రెట్టింపవుతుంది. స్క్వాడ్ లీడర్ వంశానికి చెంది 1985లో వెలువడిన ఆటలో, పట్టుబడిన మరతుపాకీ తన సొంతవాని చేతిలో కంటె పరుల చేతిలో త్వరగా మొరాయిస్తుందని నియమం ఉన్నది. అరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు నగల విషయంలో అన్నారు. తుపాకుల విషయంలోనూ అది వర్తిస్తుంది.

ఈ మాటకు మన నగరంతో సంబంధం గల ఉదాహరణ ఒకటి ఉన్నది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరులో బ్రిటిషు సైన్యం జపానుకు లొంగిపోయినప్పుడు కుప్పలుగా పడిన ఆయుధాలే ఆ పిమ్మట ఆజాద్ హింద్ ఫౌజుకు ప్రధాన ఆధారమయ్యాయి. మన హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్ సఫ్రానీ నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణించి ఆ ఫౌజులో పని చేసిన వారు. సామ్రాజ్యాన్ని కాపాడడానికి తయారైన లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు సామ్రాజ్యం మీదికే తిరిగింది. రైఫిలు మారలేదు, దానిని పట్టిన చేయి శిక్షణ పొందినదే. అయినను బిళ్ల మీద అదే అంకె వేయవచ్చునా? వేయరాదు. జపాను పదాతి తుపాకుల తూటాలు 6.5, 7.7 మిల్లీమీటర్ల వేరు కొలతలవి. అవి ఈ రైఫిలులో ఇమడవు. చేతనున్న తూటాలు తరిగిపోతే మళ్లీ శత్రువు నుండి గెలుచుకోవలసిందే. కాబట్టి ఆటలో ఇట్టి దళం మొదటి రోజు సింహం, పదవ రోజు పిల్లి.

ఆయుధం చేతులు మారుతుందన్న భయం పాలకులకు ఎన్నడూ ఉన్నది. 1857 తిరుగుబాటు అనంతరం దేశీయ సిపాయిలకు, గొట్టం లోపలి మరలు తొలగించి గురి తప్పేట్లు చేసిన తుపాకులు ఇచ్చారు. తరువాతి కాలంలో పోలీసులకు, కావలి వారికి ఇవ్వడానికి .303 రైఫిళ్లనే మార్చి, ఒక్కొక్క గుండు మాత్రమే పట్టే .410 మస్కెట్లుగా చేశారు. చూడడానికి అవి రైఫిళ్లే. సైన్యపు తూటా మాత్రం వాటిలో పని చేయదు. దూరం నుండి చూచి భయపడిన వానికి ఈ భేదం తెలియదు. గుంజుకున్న వానికి మాత్రం మొదటి సాయంత్రమే తెలిసి వస్తుంది.

ఇక మన గడ్డకు వత్తాము. 1946 జూలై 4న జనగామ ప్రాంతపు కడవెండి గ్రామంలో ప్రజలు ఊరేగింపుగా సాగినప్పుడు విసునూరు దేశముఖు మనుషులు కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను బలి గొన్నారు. ఒక వంక తుపాకీ. మరొక వంక కర్రలు, వడిసెలలు. వడిసెల అంటే ఏమిటి? జొన్నచేలో మంచె మీద నిలిచి, తాటి మధ్య రాయి ఉంచి గిరగిర త్రిప్పి పిట్టల మీద విసిరేది. రైతు ఇంటి రోకలి, కారం పొడి, గొడ్డలి – ఇవన్నీ ఆ కాలంలో ఆయుధాలైనాయి. వాటి తరువాతి మెట్టు భర్మారు. గొట్టం మూతి నుండి మందు పోసి, గుడ్డపేలిక కూరి, రవ్వలు వేసి, గజముతో దట్టించి పేల్చవలసిన నాటు తుపాకీ. ఆరితేరిన చేయి సయితం నిమిషానికి రెండు మూడు మార్లు పేల్చడం గగనం. శిక్షితుడైన సిపాయి .303 రైఫిలుతో అదే నిమిషంలో పదిహేను మార్లు గురి చూచి కాల్చగలడు. పైగా మందు తడిస్తే భర్మారు ఉత్త కర్రతో సమానం. వానాకాలంలో పోరాడిన దళం బిళ్ల మీద మేము ఎండకొక అంకె, వానకొక అంకె వేయవలసి వచ్చింది.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఆ ముగ్గురి పేర్లు పక్కపక్కనే చదువుకున్నప్పుడు ఈ పోరాటాన్ని మతాల మధ్య గీత గీచి అర్థం చేసుకోజాలమని ఎవరికైనను బోధపడుతుంది. పిలుపు వెలువడింది గాని తుపాకులు చెట్టుకు కాయవు. దొరల గడీల నుండి, పోలీసు ఠాణాల నుండి గుంజుకున్నవే దళాల చేతికి వచ్చాయి. ఇక్కడే మా ఆటకు మూల సూత్రం దొరికింది: తండ్రి లేని తుపాకీ లేదు. దళం బిళ్లకు ఒక రైఫిలు చేర్చాలంటే పటం మీద ఏదో ఒక గడీ నుండో ఠాణా నుండో ఒక రైఫిలు తీసివేయాలి. లెక్క పుస్తకంలో ఒక వంక జమ, మరొక వంక ఖర్చు. తూటాలకు వేరే ఖాతా. ఈ ఒక్క నియమం పెట్టిన నాటి నుండి మా ఆట తీరే మారిపోయింది. ఆడేవాడు ఊళ్లను గెలవడం మాని తూటాలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నిజమైన దళ నాయకుడు కూడా చేసినది అదే అయి ఉండాలి.

ఈ సూత్రాన్నే రజాకార్లకు వర్తింపజేయబోయినప్పుడు మా బల్ల చుట్టూ వాతావరణం వేడెక్కింది. రజాకార్లు 2,00,000 మంది అనీ, వారిలో నాలుగో వంతు మందికి ఆధునిక తుపాకులు, తక్కిన వారికి భర్మార్లు, కత్తులు ఉండేవనీ తరచు ఉదహరించే అంచనా ఒకటి ఉన్నది. నాలుగో వంతు అంటే 50,000 తుపాకులు. నిజాం సొంత సైన్యంలోనే సంపూర్ణ శిక్షణ, సామగ్రి గలవారు సుమారు 6,000 అని మరొక అంచనా. తండ్రి లేని తుపాకీ లేదు గదా! ఆ 50,000 తుపాకుల తండ్రి ఎవరు? ఆస్ట్రేలియా దేశపు వైమానికుడు సిడ్నీ కాటన్ 1948లో కరాచీ నుండి బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు లాంకాస్ట్రియన్ విమానాలలో దొంగచాటుగా ఆయుధాలు చేరవేసిన మాట నిజమే. మేము కాగితం మీద లెక్క వేశాము. రైఫిలు నాలుగు కిలోలు, ఒక్కొక్క దానికి వంద తూటాలు వేసుకుంటే మరొక రెండున్నర కిలోలు. 50,000 రైఫిళ్లకు 325 టన్నులు. విమానం ప్రయాణానికి ఐదు టన్నులు మోస్తుందనుకున్నా, ఈ ఒక్క బరువుకే అరవై ఐదు ప్రయాణాలు కావాలి. సంస్థానంలో అంతకు ముందే ఉన్న తుపాకులు కొన్ని ఉండవచ్చును గనుక ఈ లెక్క అంచనాను కొట్టివేయదు. కాని వాపును చూచి బలుపు అనుకోరాదన్న హెచ్చరికను మాత్రం ఇస్తుంది.

మా మిత్రులలో ఒకరి తాతగారు నిజాం సైన్యంలో సిపాయి. ఆ మిత్రుడు శాంతంగానే అన్నాడు: "భాయ్, ప్రతి రజాకారు బిళ్ల మీద స్టెన్‌గన్ వేస్తే, రేపు ఈ ఆట ఆడే పిల్లవాడు ఆనాడు హైదరాబాదులోని ప్రతి ముస్లిము ఇల్లూ ఆయుధాగారమే అనుకుంటాడు. మా అమ్మమ్మ ఇంట్లో కూరలు తరిగే కత్తి తప్ప మరేమీ లేదు." జనగామ వైపు పల్లె నుండి వచ్చిన మరొక మిత్రుడు అంతే శాంతంగా బదులు చెప్పాడు: "అన్నా, అందరికీ కత్తులే వేస్తే బైరాన్‌పల్లి చావులన్నీ కట్టుకథలని అనుకోడా? ఆ ఊరి బురుజు ఇంకా నిలిచే ఉన్నది." 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం పోలీసు, సైనిక బలగాలు కలిసి దాడి చేసి, పెక్కుమందిని చంపిన వృత్తాంతం మన పాఠకులు ఎరిగినదే. ఆ నెలలోనే ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను తన కలంతో ఎదిరించినందుకు హైదరాబాదు వీధిలో హతుడైనాడు.

ఇద్దరి మాటలోనూ సత్యమున్నది. మేము ఆ పూట ఆట కట్టిపెట్టి దీనినే ఆలోచించాము. అంకె పెంచినా ఎవరికో అన్యాయమే, తగ్గించినా ఎవరికో అన్యాయమే. దేశాంతర యుద్ధాలు ఆడునప్పుడు ఒక తుపాకీ అంకె తప్పైతే నవ్వి ఊరుకోవచ్చును. ఇక్కడ ఆ అంకెకు మనుమలు, మనుమరాళ్లు ఉన్నారు. వారు ఒకే తరగతిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు.

కొన్ని వారాల పిమ్మట రెండు నియమాలకు అందరమూ సమ్మతించాము. మొదటిది: రజాకారు బిళ్లలనూ, గ్రామదళాల బిళ్లలనూ పటం మీద బోర్లా ఉంచాలి. ఎదురుపడే వరకు అడుగున కత్తి ఉన్నదో, భర్మారు ఉన్నదో, .303 ఉన్నదో ఇరుపక్షాల వారికీ తెలియదు. తిప్పి చూచినప్పుడు చాలా బిళ్లల కింద పాత ఆయుధమే కనబడుతుంది, కొన్నింటి కింద మాత్రం రైఫిలు. ఆనాడు ఊరి పొలిమేరలో నిలబడి దూరాన రేగిన దుమ్మును చూచిన వానికి తెలిసినది కూడా అంతే. లేని తుపాకీ సయితం భయం పుట్టించగలదని, ఆ భయమే సగం యుద్ధమని ఈ నియమం నేర్పింది. రెండవది: ఆయుధం లేని ఊరి మీద పాచికలు వేయరాదు. నిరాయుధుని ముందు కత్తికీ స్టెన్‌గన్‌కూ భేదం లేదు. ఆయుధం పాతదైనంత మాత్రాన గాయం పాతది కాదు. అందుచేత బైరాన్‌పల్లి వంటి ఊళ్ల పేర్లు పటం మీద ఉంటాయి. వాటి మీద గెలుపు ఓటముల ఆట మాత్రం ఉండదు.

భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న సంస్థానంలో ప్రవేశించింది. షోలాపూరు దారిలో నల్‌దుర్గము మొదటి రోజే పడిపోయింది. విజయవాడ దారిలో నిజాం సైనికులు మూసీ వంతెనను కూల్చారు గాని, దానికి కాపుగా కాల్పులు జరిపే దళాన్ని నిలుపలేదు. భారత సైనికులు దానిని త్వరలోనే బాగు చేసుకుని ముందుకు సాగారు. ఆయుధం ఎట్టిదైనా దానిని ఎక్కడ నిలపాలన్న యుక్తి లేకపోతే నిరర్థకమని ఇది చెబుతుంది. 17వ తేదీ సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. సైన్యాల బిళ్లలు అక్కడితో పటం మీది నుండి దిగిపోతాయి. విజేత ఎవరో తేలిపోతుంది.

కాని చరిత్ర అక్కడ ముగియలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపగా 1948 నవంబరు, డిసెంబరులలో జిల్లాలు తిరిగిన పండిట్ సుందర్‌లాల్ బృందం, సైనిక చర్య కాలంలోను, ఆ పిమ్మటను ప్రాణాలు కోల్పోయిన వారు తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 అని అంచనా వేసింది. చనిపోయిన వారిలో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల కంట పడలేదు. తెలంగాణ దళాల పోరాటం కూడా 1951 అక్టోబరు 21 వరకు విరమించబడలేదు. కాబట్టి మా నియమాల కాగితం చివరి పుటలో, ఆట ముగిసిన తరువాత ఇరుపక్షాల వారూ కలిసి పైకి చదువవలసిన నాలుగు వాక్యాలు చేర్చాము. కడవెండి, బైరాన్‌పల్లి, షోయబుల్లా ఖాన్, సుందర్‌లాల్ నివేదిక – ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాక్యం. వాటికి అంకెల బలం లేదు, పాచికలు లేవు. చదవడం మాత్రమే నియమం.

చరిత్రలో ఖచ్చితత్వమంటే తుపాకీ పేరు, గొట్టం కొలత, తూటా బరువు చెప్పగలగడమేనని కొందరి అభిప్రాయం. ఆ జ్ఞానం అవసరమే. అది లేనివాడు కథలు చెప్పగలడు గాని సాక్ష్యం చెప్పలేడు. అయితే తుపాకీ వివరం సరిగా చెప్పడంలోని అసలు ప్రయోజనం తుపాకీ గురించినది కాదు. ఎవరి చేతిలో ఏముండెనో సరిగా తెలిస్తేనే ఎవరి చేతిలో ఏమీ లేకుండెనో తెలుస్తుంది.

మేము నివసించే లక్డీకాపూల్‌లో నేడు కట్టె వంతెన లేదు. రైళ్లు పోతున్నాయి, 2018 నుండి మెట్రో పోతున్నది. కట్టె పోయినా పేరు నిలిచింది. ఉర్దూ తెలియనివారు సయితం రోజుకు పదిమార్లు ఆ ఉర్దూ మాటను పలుకుతూ అటూ ఇటూ దాటుతున్నారు. మన కళాశాల మిత్రులు తమ తమ ఇళ్లలోని పెద్దలను ఒక్క ప్రశ్న అడగవలసిందిగా మా మనవి: ఆ రోజులలో మన ఇంట ఏ ఆయుధముండేది, అది ఎక్కడి నుండి వచ్చినది, చివరకు ఎక్కడికి పోయినది? వచ్చిన జవాబు ఉర్దూలోనైనా తెలుగులోనైనా వ్రాసి ఉంచండి. ఆ తుపాకీ తండ్రి పేరు చెప్పగల వారు మన మధ్య ఇంక కొద్దిమందే మిగిలి ఉన్నారు.